నిలబడి నాలుగు మాటలు
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



అయిదు నిమిషాలలో ముగించమని కార్యదర్శి గారు ముందే హెచ్చరించారు కనుక నేరుగా విషయానికి వస్తాను. నలుగురిలో మాట్లాడడం కొత్తగా నేర్చుకునేవారి కోసం మన సంఘ భవనంలో ఒక తరగతి ప్రారంభించాలని ప్రతిపాదిస్తున్నాను.

"అరవై దాటాక ఉపన్యాసాలెందుకన్నా, ఎలక్షన్లలో నిలబడతామా?" అని ఒక మిత్రుడు నవ్వాడు. దానికి జవాబు ఈనాటి తేదీలోనే ఉంది. 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పెంచిన పెన్షన్ ఫలానా తేదీ తరువాత రిటైరైనవారికే అంటూ గీత గీయడం చెల్లదన్నది. పెన్షన్ ప్రభువులు దయతలచి ఇచ్చేది కాదు, మన హక్కు అన్నది. కోర్టులో మన పక్షాన మాట్లాడడానికి వకీళ్లున్నారు. కౌంటరు దగ్గర ఎవరున్నారు?

ఆ మధ్య పనిమీద ఒక కార్యాలయానికి వెళ్లాను. వరుసలో నా ముందు ఒక పెద్దావిడ ఉంది. "ఏం కావాలమ్మా?" అని లోపలి నుండి అడిగారు. ఆవిడ కాగితాల సంచి చూపించింది గాని మాట రాలేదు. వెనుక వాళ్లు తొందరపెట్టేసరికి "మళ్లీ వస్తాలే నాయనా" అని పక్కకు తప్పుకుంది. బయట కూర్చోబెట్టి అడిగాను. భర్త పోయి ఏడాది. ఫ్యామిలీ పెన్షన్ నాలుగు నెలలుగా పడలేదు. ఇంట్లో ఆవిడ పిలిస్తే వీధి చివరికి వినిపిస్తుందట. అక్కడ మాత్రం గొంతు పెగల్లేదు.

అయ్యా, రేపు మన తరువాత ఆ వరుసలో నిలబడేది మన ఇంటి ఇల్లాలే. అందుకే ఈ తరగతిలో మొదటి పాఠం అయిదే వాక్యాలు. నేను ఫలానా, నా భర్త ఫలానా శాఖలో ఫలానా ఉద్యోగం చేశారు. మా పి.పి.ఓ. నెంబరు ఇది, బ్యాంకు ఇది. ఫలానా నెల నుండి ఈ ఇబ్బంది వచ్చింది. ఫలానా తేదీన ఈ కాగితం ఇచ్చాను. ఇప్పుడు మీరు ఈ పని చేసిపెట్టాలి. ఈ అయిదూ వరుసగా, తల ఎత్తి చెప్పగలిగితే సగం పని అయినట్లే.

మన తిరుపతిలో ఉపన్యాసాలకు కొదవ లేదు. అన్నమాచార్య కళామందిరంలో, మహతిలో ఎందరో పెద్దల మాటలు విన్నాం. వినడంలో మనం ఆరితేరాం. చెప్పడమే మిగిలింది.

అది ఎలా నేర్చుకోవాలో ఒక నమూనా ఉంది. 1924 అక్టోబరులో, అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం శాంతా అనా అనే ఊళ్లో, రాల్ఫ్ స్మెడ్లీ గారు వై.ఎం.సి.ఎ. భవనంలో ఇలాంటి తరగతే పెట్టారు. అదే టోస్ట్‌మాస్టర్స్ అన్న పేరుతో నేడు నూరుకు పైగా దేశాలకు పాకింది. పద్ధతి చాలా తేలిక. ఒకరు కొద్ది నిమిషాలు మాట్లాడతారు, ఒకరు గడియారం చూస్తారు, ఇంకొకరు బాగున్నదేదో, దిద్దుకోవలసిందేదో చెబుతారు. జీతమిచ్చి మాస్టారును పెట్టుకోనక్కర లేదు.

మనమూ అలాగే చేద్దాం. నెలకు రెండు ఆదివారాలు, ఉదయం పది నుండి పదకొండున్నర వరకు. పన్నెండు మందికి మించవద్దు. మైకు వద్దు, వేదిక వద్దు, కుర్చీలు గుండ్రంగా వేసుకుందాం. మొదటి వారం పేరు, ఊరు, చేసిన ఉద్యోగం చెబితే చాలు. రెండో వారం రెండు నిమిషాలు, తెలిసిన విషయం మీద. ఆవకాయ పెట్టడమైనా సరే, మొదటి పోస్టింగు ఊరైనా సరే. మూడో వారం ఆ అయిదు వాక్యాలు. ఒకరు కౌంటరు వెనుక గుమాస్తాగా కూర్చుంటారు. విసుక్కోవడం ఆయన పని, తడబడకుండా ముగించడం మన పని. కాగితం చూసి చదవకూడదు, చీటీ మీద ముఖ్యమైన మాటలు రాసుకోవచ్చు. కాళ్లు వణికితే కుర్చీ పట్టుకుని మాట్లాడవచ్చు.

ఒక్క నియమం మాత్రం గట్టిది. ఎవరూ నవ్వకూడదు, మధ్యలో అడ్డు తగలకూడదు. తిరుచానూరులో పుట్టిన మాడభూషి అనంతశయనం అయ్యంగారు లెక్కల ఉపాధ్యాయులుగా జీవితం మొదలుపెట్టి, న్యాయవాదియై, 1956 నుండి 1962 వరకు లోక్‌సభ స్పీకరుగా ఉన్నారు. పేరుకు స్పీకరే గాని, ఆ పదవిలోని అసలు పని అందరికీ వంతు ఇప్పించి, వారు చెప్పేది సభ చేత వినిపించడం. మన తరగతికి కావలసిందీ అదే.

చేరదలచినవారు పేర్లు కార్యదర్శి గారి వద్ద ఇవ్వండి. ఒక్క విన్నపం: మీ పేరు ఒక్కటే రాయించి వెళ్లకండి, మీ ఇంటావిడ పేరు కూడా రాయించండి. ఆమెను అడిగి రాయించండి.