విల్సన్ జోన్స్ : ఆట, అభ్యాసము, వారసత్వము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)

   

ఇరువదియైదేండ్లు నిండిన ఈ గ్రంథాలయము పండుగనాడు నన్ను మాటలాడుమని ఆహ్వానించినందులకు కృతజ్ఞుడను. పుస్తకముల యింట ఒక ఆటగాని గూర్చి చెప్పుట యేల యని కొందరికి తోచవచ్చును. కారణము మీరెరిగినదే. రజతోత్సవ నిధిలో మిగిలిన సొమ్ముతో పఠన మందిరము ప్రక్కన ఒక క్రీడాగృహము కట్టవలెనా, లేక ఆ సొమ్ము నంతయు పుస్తకములకే వెచ్చింపవలెనా యను చర్చ కొంతకాలముగ మన ఊర జరుగుచున్నది. ఆటబల్ల లోపలికి వచ్చిన పుస్తకము మూలబడుననియు, బల్లచుట్టు పందెములు చేరుననియు పెద్దలు భయపడుచున్నారు. ఆ భయము త్రోసివేయదగినది కాదు. కావున ఇంటిలోపల బల్లమీద ఆడు ఆటయందే ప్రపంచమున మొదటి స్థానము నందిన ఒక భారతీయుని చరిత్రను మీ ముందుంచుచున్నాను. ఆయన పేరు విల్సన్ జోన్స్. ఆట బిలియర్డ్స్.

ముందుగా ఆట సంగతి. ఆ బల్లను మనలో చూచినవారు కొద్దిమందియే యుందురు. అది సుమారు 12 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు గల బరువైన బల్ల. నున్నగ చెక్కిన పలకరాతిని పరచి, దానిమీద పచ్చని ఉన్నిబట్టను బిగింతురు. చుట్టును రబ్బరు అంచు. నాలుగు మూలలందును, పొడవైన అంచుల నడుమను, మొత్తము ఆరు జేబులు. ఆటకు మూడే బంతులు: ఇద్దరాటగాండ్రకు చెరియొకటి, ఎఱ్ఱనిది యొకటి. కొనయందు తోలుబిళ్ల అంటించిన పొడుగాటి కర్రతో ఎవరి బంతిని వారు కొట్టవలెను. తన బంతి తక్కిన రెంటిని తాకినచో రెండు పాయింట్లు. దీనిని క్యానన్ అందురు. ఎఱ్ఱబంతిని జేబులో పడవేసిన మూడు, ఎదుటివాని బంతిని పడవేసిన రెండు. మన క్యారమ్ బల్లమీద స్ట్రైకరు గోతిలో పడిన జరిమానా గదా! ఇచ్చట తన బంతి మరియొక బంతిని తాకి జేబులో పడినచో అదియు లాభమే: ఎఱ్ఱదానిని తాకి పడిన మూడు, ఎదుటివానిదానిని తాకి పడిన రెండు. పాయింట్లు వచ్చినంత వరకు ఆట అతనిదే. తప్పినపుడే ఎదుటివాడు బల్లయొద్దకు వచ్చును. ఇట్లు తప్పక వరుసగా కూర్చిన మొత్తమునకు బ్రేక్ అని పేరు.

బంతిని తాకుట గొప్ప కాదు. తాకిన పిదప మూడు బంతులును ఎచ్చట నిలుచునో ముందే ఎరిగి కొట్టుటయే విద్య. ఈ మడికి నీరు కట్టుచుండగనే తరువాతి మడికి గండి ఎచ్చట తీయవలెనో తలచు రైతువలె, ఒక దెబ్బలో తరువాతి దెబ్బను చూడగలవాడే ఆటగాడు. ఇందులో తొందర పనికిరాదు. కోపము అసలే పనికిరాదు. మరియొక మర్యాద గూడ కలదు. కర్ర బంతికి రెండుమారులు తగిలినను, చొక్కాచేయి బంతిని తాకినను, న్యాయనిర్ణేత చూడకపోయినచో ఆటగాడే తన తప్పును చెప్పుకొనవలెనని ఆ ఆటవారి సంప్రదాయము.

మన దేశమున ఈ బల్లలు మొదట తెల్లదొరల క్లబ్బులలోను, సైనికాధికారుల భోజనశాలల యందును, సంస్థానాధీశుల భవనములలోను ఉండెడివి. దీనికి తోబుట్టువయిన స్నూకర్ 1875లో జబల్పూరునందు సైనికాధికారుల నడుమ పుట్టినదనియు, నెవిల్ చేంబర్లేన్ అను అధికారి దానిని కల్పించెననియు చెప్పుదురు. ఆట పుట్టినది మన గడ్డమీదనే. కాని దానిని ఆడు గది తలుపు మనవారికి మూసియే యుండెను. ఆ గదిలో మనవారు నిలుచున్నది హెచ్చుగా మార్కర్లుగ, అనగా లెక్క చెప్పుటకును, కర్రలందించుటకును ఉంచుకొన్న పనివారుగ. ఇట్టి ఆటలో ఒక భారతీయుడు ప్రపంచ విజేత యగునని నాడు ఎవరూహింతురు?

విల్సన్ జోన్స్ 1922వ సంవత్సరము మే 2వ తేదీన పూనాలో ఆంగ్లో ఇండియన్ కుటుంబమున జన్మించెను. 1950లో మొదటిమారు జాతీయ అమెచ్యూరు బిలియర్డ్స్ బిరుదమును గెలిచెను. అటుపిమ్మట మొత్తము 12 పర్యాయములు ఆ బిరుదము ఆయనదే. స్నూకర్ యందును 5 పర్యాయములు జాతీయ విజేతగ నిలిచెను. అమెచ్యూరు అనగా ఆటను జీవనోపాధి చేసికొనక, బహుమాన ధనమునకు ఆశపడక ఆడువాడు. పందెపు డబ్బునకు చోటులేని ఆ పద్ధతిలోనే ఆయన ఇంత సాధించెనని మన పెద్దలు గమనింప ప్రార్థన.

దేశమున గెలుచుట వేరు, లోకమున గెలుచుట వేరు. 1951లో లండన్ నగరమున జరిగిన ప్రపంచ అమెచ్యూరు పోటీలో ఆస్ట్రేలియా వీరుడు బాబ్ మార్షల్ విజేత యయ్యెను. ఆ పోటీకి వెళ్లిన జోన్స్ రిక్తహస్తములతో మరలెను. 1952లో ఆ పోటీ మన కలకత్తాలోనే జరిగినది. విజయము ఇంగ్లండునకు చెందిన లెస్లీ డ్రిఫీల్డును వరించెను. 1954లో సిడ్నీ యందు ఆస్ట్రేలియాకు చెందిన టామ్ క్లియరీ గెలిచెను. స్వదేశమున తిరుగులేనివాడు బయటివారి ముందు ఓడుట మనసునకు కష్టము. ఇంటి గెలుపుతో తృప్తిపడి ఊరకుండుట సుళువు. జోన్స్ అట్లు ఊరకుండలేదు.

1958లో ప్రపంచపు పోటీ మరల కలకత్తాకు వచ్చెను. పూర్వ విజేతలైన డ్రిఫీల్డు, క్లియరీ యిరువురును వచ్చిరి. ఆ పోటీలో ఒకనితో గెలిచిన చాలదు. ప్రతి ఆటగాడును తక్కిన వారందరితో ఆడవలెను. విల్సన్ జోన్స్ ప్రపంచ విజేత యయ్యెను. స్వతంత్ర భారతదేశమునకు వ్యక్తిగత క్రీడలలో ప్రపంచ బిరుదమును తెచ్చిన మొదటివాడుగ ఆయనను క్రీడాలోకము గౌరవించుచున్నది. దేశమునకు స్వాతంత్ర్యము వచ్చి అప్పటికి పదునొకండేండ్లే.

అంతటితో కథ ముగియలేదు. 1962లో పెర్త్ నగరమున మార్షల్ చేతిలో మొదటి స్థానము పోగొట్టుకొని రెండవవాడుగ నిలిచెను. అప్పటికి ఆయన వయస్సు నలువది. చాలునని కర్ర గోడకు చేర్చదగిన వయస్సే. అయినను 1964లో న్యూజీలండు వెళ్లి, రెండవమారు ప్రపంచ విజేతయై తిరిగివచ్చెను. మొదటి విజయమునకు ముందు మూడు ఓటములు, రెండవదానికి ముందు మరల ఓటములు! మన పిల్లలు నేర్వదగినది ఆ విజయముల సంఖ్యను కాదు, వాని నడుమనున్న యేండ్లను.

ప్రభుత్వము ఆయనకు 1963లో అర్జున పురస్కారమును, పిదప పద్మశ్రీ బిరుదమును ఇచ్చెను. కాని నా దృష్టిలో అన్నిటికన్న గొప్పది 1996లో వచ్చిన ద్రోణాచార్య పురస్కారము. అది ఆడినందుకు కాదు, నేర్పినందుకు ఇచ్చునది. పోటీలనుండి విరమించిన పిదప ఆయన తనకు వచ్చిన విద్యను తనతోనే ఉంచుకొనక పిన్నవారికి నేర్పెను. ఆయనయొద్ద నేర్చినవారిలో ఓం అగర్వాల్ 1984లో డబ్లిన్ నగరమున ప్రపంచ అమెచ్యూరు స్నూకర్ విజేత యయ్యెను. అశోక్ శాండిల్య గూడ ఆయన శిష్యుడే. 2003వ సంవత్సరము అక్టోబరులో, 81వ యేట, ముంబయిలో జోన్స్ కన్నుమూసెను.

ఆయన తెరచిన త్రోవ మూసికొనలేదు. మైకేల్ ఫెరీరా 1977, 1981, 1983 సంవత్సరములలో ప్రపంచ అమెచ్యూరు బిలియర్డ్స్ విజేతగ నిలిచెను. 1985లో గీత్ సేఠీ ఆ బిరుదమును గైకొనెను; 1992లో వృత్తి ఆటగాండ్ర ప్రపంచ పోటీలో ఒకే బ్రేకునందు 1276 పాయింట్లు కూర్చెను. జోన్స్ పుట్టిన పూనాలోనే 1985లో జన్మించిన పంకజ్ అద్వానీ ఇరువదికి పైగా ప్రపంచ బిరుదములను సాధించెను. ఒకడు ముందు నడచిన గాని అచ్చట త్రోవ కలదని వెనుకవారికి తెలియదు.

ఇక మన సంగతికి వత్తును. ఒకప్పుడు పుస్తకము గూడ ఆ బల్లవంటిదే. అది పండితుల పెట్టెలలోను, జమీందారుల బీరువాలలోను ఉండెను. అయ్యంకి వెంకటరమణయ్యగారి వంటి వారు ఊరూర తిరిగి, 1914లో బెజవాడయందు గ్రంథాలయ ప్రతినిధుల సభ జరిపి, పుస్తకమును ప్రజల చేతికిచ్చిరి. నాడు గూడ నవలలు చదివిన పిల్లలు చెడుదురని భయపడినవారు లేకపోలేదు. చెడుట పుస్తకము వలన కాలేదు. తోడులేని చదువువలన అయిన కొన్ని చోట్ల అయియుండవచ్చును. ఆటకును ఇదే న్యాయము. పెద్దల కన్ను పడని చోట గోళీలాటయు జూదమగును. పెద్దలు కూర్చున్నచోట బల్లయే బడి యగును.

ప్రతి క్రీడాగృహమునుండి ఒక జోన్స్ పుట్టునని నేను చెప్పను. అట్లు చెప్పుట మిమ్ము మోసగించుటయే. ఓర్పుతో కూర్చుండుట, ఎదుటివాని వంతు వచ్చువరకు నోరు మూసికొనుట, తన తప్పును తానే చెప్పుకొనుట, ఓడి మరల వచ్చుట: ఈ నాలుగును అలవడినచో చాలును. చదువునకు గూడ ఈ నాలుగే కావలయును.

కావున నా మనవి యిది. మనకు బిలియర్డ్స్ బల్ల అక్కరలేదు, దానిని కొను స్తోమతయు మనకు లేదు. రెండు క్యారమ్ బల్లలు, రెండు చదరంగపు బల్లలు, ఒక చిన్న గది చాలును. దానికి పోగా మిగిలిన సొమ్ము పుస్తకములకే చెందవలెను. పఠనవేళ ముగిసిన పిదపనే ఆ తలుపు తెరువవలెను. పందెము కట్టినవానికి ప్రవేశముండరాదు. అన్నిటికన్న ముఖ్యముగ, ఆట వచ్చిన పెద్ద యొకరు వంతువారీగ ప్రతిదినము అచ్చట కూర్చుండి నేర్పవలెను. ఈ చివరి నియమమునకు ముందుకు వచ్చు పెద్దలు దొరకనిచో, ఆ గది కట్టవద్దని నేనే మొదట చెప్పుదును. దొరికినచో వారి పేర్లను ఈ సభలోనే కార్యదర్శిగారు వ్రాసికొందురు గాక. నా పేరును మొదట వ్రాయుడని కోరుచు, మీ యందరియొద్ద సెలవు తీసికొనుచున్నాను.