ఆహారము – చర్మము – వయసు

(బర్కత్‌పురలో మన సంఘం ఏర్పాటు చేసిన ఆరోగ్య సదస్సులో ఒక విశ్రాంత వైద్యాధికారి చేసిన ప్రసంగ పాఠం)



నాకు ఇచ్చిన అంశం "ఆహారంతో నిత్యయౌవనం". ఇందులో రెండో మాట నా చేతిలో లేదని కార్యదర్శిగారికి ముందే మనవి చేసుకున్నాను. డెబ్బై ఏళ్లవారిని యాభై ఏళ్లవారిలా కనిపించేట్టు చేసే కూరగాయ చిక్కడపల్లి మార్కెట్లో లేదు, నారాయణగూడ మార్కెట్లోనూ లేదు. అలాంటిది ఉందని చెప్పి డబ్బాలు అమ్మేవారు మాత్రం ఉన్నారు. వారి సంగతి తర్వాత చెబుతాను. అయితే తిండిలో లోటు వస్తే ఆ లోటును చర్మం బయటపెడుతుంది. ఒక్కోసారి మనిషి నోరు తెరిచి బాధ చెప్పుకోకముందే చెబుతుంది. ఈ విషయాన్ని ప్రపంచానికి చూపించిన పరిశోధనలో మన హైదరాబాదుకు పెద్ద వాటా ఉంది. అందుకని అక్కడినుంచే మొదలుపెడతాను.

ఇప్పుడు సాయంత్రమయితే వీధి వీధినా పెనం పెట్టి జొన్నరొట్టెలు కాల్చి ఇస్తున్నారు. షుగర్ ఉన్నవాళ్లు వరసలో నిలబడి కొనుక్కుంటున్నారు. మంచిదే. కాని 1950లు, 60లలో ఇదే జొన్న మన పల్లెల్లో బీదవాళ్ల తిండి. ఆ తిండి తినే కూలిజనంలో పెలాగ్రా అనే జబ్బు కనిపించేది. ఎండ తగిలే చోటల్లా, అంటే ముంజేతులు, చేతుల వెనకభాగం, పాదాలు, మెడ, ఈ చోట్ల చర్మం మొదట కందినట్టు ఎర్రబడుతుంది. తర్వాత నల్లబడి, మందమై, పొలుసులుగా లేస్తుంది. కుడిచేతికి ఎలా వస్తే ఎడమచేతికీ అలాగే వస్తుంది. మెడచుట్టూ పట్టెడ పెట్టుకున్నట్టు మచ్చ ఏర్పడుతుంది. దీనికి కాసల్ హారం అని పేరు. 1735లో స్పెయిన్ దేశంలో గాస్పర్ కాసల్ అనే వైద్యుడు ఈ జబ్బును గమనించి వర్ణించాడు. పెలాగ్రా అన్నది ఇటలీ మాట, గరుకు చర్మం అని అర్థం. చర్మంతో ఆగితే ఫరవాలేదు, తర్వాత విరేచనాలు, ఆ తర్వాత మతి చలించడం, వైద్యం అందకపోతే చావు.

ఇది అంటురోగమని చాలాకాలం అనుకున్నారు. 1914లో అమెరికా ప్రభుత్వం జోసెఫ్ గోల్డ్‌బర్గర్ అనే వైద్యుణ్ణి దీనిమీద నియమించింది. పిచ్చాసుపత్రుల్లో, అనాథాశ్రమాల్లో ఉన్నవాళ్లకు జబ్బు వస్తున్నది, వాళ్లతోనే రాత్రింబవళ్లు ఉండే సిబ్బందికి రావడంలేదు. అంటురోగమైతే ఉద్యోగుల్ని చూసి మొహమాటపడుతుందా? తేడా అంతా తిండిలో ఉందని ఆయన పట్టుకున్నాడు. జనం నమ్మకపోతే 1916లో రోగుల రక్తం తనకు ఎక్కించుకున్నాడు, ఆయన భార్య కూడా ఎక్కించుకుంది. ఎవరికీ జబ్బు రాలేదు. పాలు, గుడ్లు, మాంసం పెడితే రోగులు కోలుకున్నారు. ఆ తిండిలో ఉన్న వస్తువు నియాసిన్ అనే బి విటమిన్ అని 1937 నాటి ఎల్వెజెమ్ పరిశోధనతో తేలింది.

అక్కడ తిన్నది మొక్కజొన్న. అందులో నియాసిన్ ఉన్నా ఒంటికి పట్టని రూపంలో ఉంటుంది. మెక్సికోవాళ్లు మొక్కజొన్నను సున్నపునీళ్లలో ఉడికించి వండుకుంటారు, దానితో నియాసిన్ విడివడుతుంది, అందుకని వాళ్లకు పెలాగ్రా పట్టలేదు. వాళ్ల అవ్వలకు నియాసిన్ పేరు తెలియదు. తెలిసిందల్లా వండే పద్ధతి.

మన జొన్న సంగతి వేరు. ఇక్కడ ఒక సంస్థ గురించి చెప్పాలి. మన తార్నాక దగ్గరున్న జాతీయ పోషకాహార సంస్థ. 1918లో కూనూరులో మెక్‌కారిసన్ అనే వైద్యుడు ఒక్క గదిలో బెరిబెరి పరిశోధన కోసం ప్రారంభించిన కేంద్రం ఇది. 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. 1969లో ఇప్పటి పేరు పెట్టారు. ఇక్కడ పనిచేసిన డాక్టర్ సి. గోపాలన్, డాక్టర్ ఎస్.జి. శ్రీకంటియా 1960లో లాన్సెట్ పత్రికలో ఒక సంగతి ప్రకటించారు. మన శరీరం ట్రిప్టోఫాన్ అనే మాంసకృత్తి భాగం నుంచి కూడా నియాసిన్ తయారుచేసుకుంటుంది. సుమారు 60 మిల్లీగ్రాముల ట్రిప్టోఫాన్ నుంచి ఒక మిల్లీగ్రాము వస్తుంది. జొన్నలో ల్యూసిన్ అనే మరో భాగం ఎక్కువ, అది ఈ వ్యవహారాన్ని చెడగొడుతున్నదని వారి వాదన. దీనిమీద తర్వాత చాలా చర్చ జరిగింది, ఒక్క ల్యూసినే కారణమని అందరూ ఒప్పుకోలేదు. కాని జొన్న తప్ప మరేమీ దొరకని మనిషికే ఈ జబ్బు వస్తుందన్న దగ్గర భేదాభిప్రాయం లేదు. కాబట్టి రొట్టె మానేయాలా అని ఎవరూ కంగారుపడనక్కరలేదు. రొట్టెతో పప్పో, పాలో, పెరుగో, గుడ్డో ఉంటే చాలు. పచ్చిమిరపకాయ, ఉప్పు నంజుకుని ఏళ్ల తరబడి బతికినవాళ్ల జబ్బు అది. డాక్టర్ గోపాలన్‌గారు 2019లో నూరేళ్లు దాటి కన్నుమూశారు.

ఇప్పుడు పెలాగ్రా అరుదు. తిండి మానేసి మద్యం మీదే ఉండేవారిలో కనిపిస్తుంది. క్షయకు వాడే ఐసోనియాజిడ్ మందు వల్ల కూడా అరుదుగా రావచ్చు. ఇంట్లో ఎవరికైనా ఆ మందు వాడుతుండగా చేతులు నల్లబడితే డాక్టరుకు చూపించండి. మందు మాత్రం మీ అంతట మీరు ఆపవద్దు.

కప్పచర్మం అని మరొకటి ఉంది. మోచేతుల మీద, మోకాళ్ల మీద ముళ్లు ముళ్లుగా లేస్తుంది, చేత్తో తడిమితే గంధపుసాన తడిమినట్టుంటుంది. 1933లో సింహళంలో నికోల్స్ అనే వైద్యుడు దీనికి ఆ పేరు పెట్టాడు. మొదట ఎ విటమిన్ లోపమన్నారు. తర్వాత నూనెల్లో ఉండే అత్యవసర కొవ్వు ఆమ్లాలు, బి విటమిన్లు చాలకపోయినా వస్తుందని గుర్తించారు. ఇది పిల్లల జబ్బు, మీకు ఎందుకు చెబుతున్నానంటే, గుండె భయంతో నూనె చుక్క కూడా వేయనివ్వని పెద్దలు మనలో ఉన్నారు. చర్మం పొడిబారి పగులుతున్నదని మళ్లీ వాళ్లే వస్తారు. మన పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన సూచనల్లో రోజుకు 27 గ్రాముల నూనె లెక్కవేశారు. అంటే ఐదారు చెంచాలు. వేపుళ్లు తగ్గించండి, తాలింపు మానకండి. ఆ సూచనల్లోనే కూరగాయలు, ఆకుకూరలు కలిపి రోజుకు 400 గ్రాములు అన్నారు. ఇద్దరున్న ఇంట్లో పావుకిలో వంకాయలు తెచ్చి రెండుపూటలా సరిపెట్టేవాళ్లు ఈ అంకె గుర్తుంచుకోండి.

ఇక ఈ రోజు నేను చెప్పదలచుకున్న అసలు విషయం. దయచేసి మీ చేతులు ఒకసారి చూసుకోండి. వేళ్ల కణుపుల మీద చర్మం ఈమధ్య కాలంలో బాగా నల్లబడిందా? పాదాల్లో తిమ్మిరి, సూదులు గుచ్చినట్టు, నడుస్తుంటే దూదిమీద అడుగు వేసినట్టు ఉందా? నాలుక నున్నగా అయి మంటపుడుతున్నదా? ఇవి బి12 విటమిన్ లోపానికి గుర్తులు కావచ్చు. ఈ విటమిన్ ఆకుల్లో లేదు, కాయల్లో లేదు. పాలు, పెరుగు, గుడ్లు, చేపలు, మాంసంలో మాత్రమే ఉంటుంది. శాకాహారులు పాలు తగ్గించి, మజ్జిగను నీళ్లలా పలుచన చేసి తాగితే ఇది చాలదు. వయసుతో కడుపులో ఆమ్లం తగ్గి తిన్నది కూడా సరిగా ఒంటికి పట్టదు. దానికి తోడు షుగరుకు వాడే మెట్‌ఫార్మిన్, గ్యాసుకు పొద్దున్నే వేసుకునే ఒమెప్రజోల్, పాంటోప్రజోల్ బిళ్లలు ఏళ్ల తరబడి వాడితే బి12 ఇంకా తగ్గుతుంది. ఈ సభలో ఈ మూడూ ఉన్నవారు ఎందరున్నారో నేను చేతులెత్తమని అడగను.

తిమ్మిర్లు షుగరు వల్ల, మరుపు వయసు వల్ల, నలుపు ఎండ వల్ల అని ముగ్గురు ముగ్గురికి సర్ది చెబుతారు. ఒక్క రక్తపరీక్షతో తేలే విషయం ఇది. ఇంజక్షనో బిళ్లలో వాడితే కణుపుల నలుపు కొన్ని నెలల్లో తగ్గుతుంది. నరాలు మాత్రం ఆలస్యం చేస్తే పూర్తిగా కోలుకోకపోవచ్చు. ఇక్కడే మరో హెచ్చరిక. 1945లో అమెరికాలోని లెడర్లీ సంస్థలో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసిన పరిశోధక బృందానికి నాయకుడు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. రక్తహీనతకు అది గొప్ప మందు. కాని లోపం బి12ది అయినప్పుడు ఫోలిక్ ఆమ్లం ఒక్కటే వేసుకుంటే రక్తం బాగుపడినట్టు కనిపిస్తుంది, నరాలు లోపల దెబ్బతింటూనే ఉంటాయి. అందుకని రక్తం తక్కువగా ఉందని మందులషాపులో అడిగి ఏదో ఒక బిళ్ల తెచ్చుకోకండి.

ముడతల గురించి అడగకుండా వదలరు కాబట్టి చెబుతాను. ముఖం మీద ముడతలకు పెద్ద కారణం ఎండ, తర్వాత పొగతాగడం. తిండి వాటి తర్వాతే. నమ్మకం లేకపోతే మీ ముఖం మీది చర్మాన్ని, చొక్కా కింద ఉండే చర్మాన్ని అద్దంలో పోల్చి చూసుకోండి. రెంటి వయసూ ఒకటే, రెండూ తిన్నదీ ఒకటే తిండి. సుందరయ్య పార్కులో నడక పొద్దున్నే పూర్తిచేసుకుని, నడిమధ్యాహ్నం బ్యాంకుకు వెళ్లవలసివస్తే గొడుగు తీసుకువెళ్లండి. గొడుగు పట్టుకోవడానికి మగవాళ్లు ఎందుకు సిగ్గుపడతారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

చర్మాన్ని బిగువుగా పట్టి ఉంచేది కొల్లాజెన్ అనే మాంసకృత్తి. దాని పోగులు గట్టిగా అల్లుకోవాలంటే సి విటమిన్ కావాలి. అది బొత్తిగా లేకపోతే చిగుళ్లు కారతాయి, పాత గాయాలు తిరగబడతాయి. 1747లో జేమ్స్ లిండ్ అనే ఓడవైద్యుడు నారింజ, నిమ్మపళ్లతో నావికులకు నయం చేసింది ఈ జబ్బునే. పెద్దవాళ్లకు రోజుకు 80 మిల్లీగ్రాములు చాలు. ఒక మాదిరి జామకాయలో అంతకు మించే ఉంటుంది. పళ్లు లేనివారు గింజ తీసేసి మెత్తగా చేసుకు తినవచ్చు. ఉసిరికాయ ఇంకా మంచిది, అయితే సంవత్సరం నిలవున్న ఉప్పు ఊరగాయను ఉసిరిగా లెక్కవేయకండి.

మాంసకృత్తుల విషయంలో మన పెద్దల పరిస్థితి బాగాలేదు. పళ్లు ఊడిపోతాయి, నమలడం కష్టం, దానితో చారన్నం, మజ్జిగన్నంతో పూట గడిపేస్తారు. భార్య పోయిన మగవాళ్లు, పిల్లలు అమెరికాలో ఉండి ఒక్కరే మిగిలిన అమ్మలు "ఒక్కళ్లకోసం ఏం వండుకుంటాం" అంటారు. తర్వాత చర్మం కాగితంలా పలుచబడి, చిన్న దెబ్బకే కమిలి, పుండు మానడం లేదని వస్తారు. అరవై కిలోల మనిషికి రోజుకు యాభై అరవై గ్రాముల మాంసకృత్తులు కావాలి. గిన్నెడు గట్టి పప్పులో ఏడు గ్రాములు, గ్లాసు పాలల్లో ఆరేడు, గుడ్డులో ఆరు ఉంటాయి. మిగతా లెక్క మీరు వేసుకోండి, జమాఖర్చుల్లో మీకంటె ఘనులు ఎవరున్నారు! మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాత్రం డాక్టరును అడగాలి.

ఇప్పుడు అందరూ ఒకసారి నమస్కారం పెట్టండి. నాకు కాదు, పరీక్ష కోసం. రెండు అరచేతులూ, వేళ్లూ సందు లేకుండా ఆనాయా? చాలాకాలంగా షుగర్ ఉన్న కొందరికి ఆనవు. రక్తంలో ఎక్కువైన చక్కెర కొల్లాజెన్‌కు అంటుకుని దాన్ని బిరుసుగా చేస్తుంది. రొట్టె కాలినప్పుడు పైన గోధుమరంగు వస్తుందే, ఆ రసాయన చర్య ఒంట్లో నిదానంగా జరుగుతున్నట్టు లెక్క. మూడు నెలల షుగర్ అని మీరు చేయించుకునే పరీక్ష కూడా రక్తంలో చక్కెర ఇలా ఎంత అంటుకుందో కొలిచేదే. ఇంట్లో మనవలకు మెడ వెనక నల్లగా, మందంగా మఖమల్ గుడ్డలా ఉంటే అది మురికి కాదు, పీచుతో రుద్దకండి. రాబోయే షుగరుకు అది ముందస్తు నోటీసు కావచ్చు. బరువు, రక్తపరీక్ష చూపించండి.

డబ్బాల సంగతి చెబుతానన్నాను. కొల్లాజెన్ పొడి తాగితే అది నేరుగా చెంపలకు వెళ్లి కూర్చోదు. కడుపులో పప్పు జీర్ణమైనట్టే ముక్కలుగా జీర్ణమవుతుంది. కొంత మేలు ఉందన్న అధ్యయనాలు ఉన్నాయి, వాటిలో చాలావాటికి డబ్బు పెట్టింది ఆ సరుకు అమ్మేవాళ్లే. మన పక్కనే ఉన్న ప్రావిడెంట్ ఫండ్ ఆఫీసు చుట్టూ తిరిగేవారికి 2014లో నిర్ణయించిన కనీస పెన్షన్ వెయ్యి రూపాయలు. చాలా డబ్బాల ఖరీదు దాన్ని మించే ఉంటుంది. ఆ డబ్బుకు పాలు కొనుక్కోండి. తెల్లబడటానికని అమ్మే కొన్ని క్రీముల్లో స్టెరాయిడ్ ఉంటుంది, నెలల తరబడి రాస్తే చర్మం పలుచబడి, నరాలు తేలి, ఎండకు మండుతుంది. 2018లో పద్నాలుగు రకాల స్టెరాయిడ్ పూతమందులను చీటీ లేకుండా అమ్మరాదని కేంద్రప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. కోడళ్లకు, మనవరాళ్లకు ఈ మాట చేరవేయండి.

ఒక అమ్మ చీటీ పంపారు. రాత్రిపూట ఒళ్లంతా దురద, మచ్చలేమీ లేవు, వంకాయ తినడం వల్లనా అని అడిగారు. అమ్మా, ఈ వయసులో చాలాసార్లు అది పొడిచర్మమే. బాగా వేడినీళ్లు తగ్గించి, సబ్బు చంకలకు, గజ్జలకు పరిమితం చేసి, స్నానమయిన వెంటనే తడి ఆరకముందే కొబ్బరినూనె రాసి రెండు మూడు వారాలు చూడండి. తగ్గకపోతే వంకాయను నిందించకుండా షుగర్, మూత్రపిండాలు, కాలేయం, థైరాయిడ్, రక్తం పరీక్షలు చేయించుకోండి, ఇవన్నీ దురదతో బయటపడవచ్చు. మీరు వాడుతున్న మందుల బిళ్లలన్నీ ఒక సంచిలో వేసి డాక్టరు దగ్గరకు తీసుకువెళ్లండి. మిగతావారు ప్రశ్నలు అడగవచ్చు.