మనవరాలి రెండో దరఖాస్తు



డి.ఏ. బకాయిల మీద మాట్లాడమన్నారు. ఈసారికి నా ఇంటి సంగతి చెప్పుకోనివ్వండి.

2024లో మా మనవరాలికి అమెరికాలో ఎం.ఎస్. సీటు వచ్చింది. నా గ్రాట్యుటీ డిపాజిట్ చూపించాము. రెండు నిమిషాల ఇంటర్వ్యూ. చేతిలో 214(బి) కాగితం పెట్టి పంపారు. చదువయ్యాక తిరిగి వస్తుందన్న నమ్మకం కలగలేదని దాని భావం.

దానిమీద అప్పీలు లేదు, మన పెన్షన్ కేసుల్లా అర్జీలు పెడుతూ కూర్చోవడానికి! మళ్ళీ దరఖాస్తు చేసుకోవచ్చు. డి.ఎస్. 160 ఫారం కొత్తగా నింపి, అప్పటి రుసుము 185 డాలర్లు తిరిగి కట్టాము. సెవిస్ రుసుము 350 డాలర్లు మాత్రం, ఏడాదిలోపు అదే తరహా వీసాకైతే మళ్ళీ అక్కరలేదు. తెలియక కట్టబోయాము.

ఒక ఏజెంటు, ఖాతాలో పాతిక లక్షలు వారంపాటు వేయిస్తానన్నాడు. ముప్ఫై నాలుగేళ్ళు లెక్కలు రాసినవాణ్ణి, ఒప్పుకోలేదు. దొంగ కాగితం బయటపడితే ఆ దేశం గడప శాశ్వతంగా మూసుకుపోతుంది.

"ఈ కోర్సే ఎందుకమ్మా?" అని అడిగాను. బట్టీపట్టిన జవాబు గడగడా అప్పజెప్పింది. లోపం అక్కడ కనబడింది. మళ్ళీ అడిగితే, "మీ అమ్మగారి నడుము వంచేసిన నల్లగొండ ఫ్లోరైడు నీళ్ళు బాగుచేయడానికి, తాతయ్యా" అంది.

రెండోసారి అదే చెప్పింది. వీసా ఇచ్చారు.

డిపాజిట్ తీసేశాము. మా ఆవిడ మోకాలి ఆపరేషన్ వాయిదా పడింది. వాయిదా వేసింది ఆవిడే.