ఎవరి మాట ఎవరు చెప్పాలి?



వాణిజ్య పరిశోధనలో నైతిక బాధ్యత గురించి మాట్లాడుకోవడానికి సూరత్ కంటే తగిన ఊరు నాకు తట్టడం లేదు. బార్డోలీ ఇక్కడికి దగ్గరే. 1928 సత్యాగ్రహం అనగానే వల్లభ్‌భాయ్ పటేల్ గుర్తొస్తారు. ఆ పోరాటం ఒక సర్వే నివేదిక దగ్గర మొదలైందన్న సంగతి మాత్రం మన తరగతి గదుల్లో ఎక్కువగా వినిపించదు.

భూమిశిస్తు సవరణ కోసం డిప్యూటీ కలెక్టర్ జయకర్ తాలూకా ఆర్థిక స్థితిని లెక్కగట్టి, 30 శాతం పెంచవచ్చని రాశారు. సెటిల్మెంట్ కమిషనర్ ఆండర్సన్ కౌలు లెక్కలను ఆధారం చేసుకుని దాదాపు అంతే పెంచమన్నారు. ప్రభుత్వం 22 శాతం దగ్గర ఆగింది. తమ ఊళ్లకు వచ్చి తమను అడిగినవాళ్లే లేరని రైతులు మొత్తుకున్నారు. నరహరి పారీఖ్ ఆ లెక్కలను విప్పి చూపించారు. తాకట్టు మీద కట్టే వడ్డీ కూడా కొన్నిచోట్ల కౌలుగా నమోదైంది. సత్యాగ్రహం ముగిశాక బ్రూంఫీల్డ్, మాక్స్‌వెల్ విచారణాధికారులుగా ఊరూరా తిరిగారు, రైతులను ఎదురుగా కూర్చోబెట్టుకుని అడిగారు. 1929లో వాళ్లు తేల్చిన పెంపు 6 శాతం చిల్లర. ఈ తేడాను గణాంకాల పొరపాటు అని సరిపెట్టుకోవడం నాకు చేతకాదు. ఆ పెంపు పేరు మీద భూములు జప్తయ్యాయి, గేదెలను తోలుకుపోయారు. రైతు చెప్పవలసిన జవాబును అక్కడ కాగితం చెప్పింది.

రెండో ఉదాహరణ మన తెలుగు నేల మీదిది. 2009లో ఖమ్మం జిల్లాలో, ఇటు గుజరాత్‌లోని వడోదర జిల్లాలో, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా ఇచ్చే హెచ్‌పీవీ టీకాను బాలికల మీద అధ్యయనం చేశారు. నడిపింది పాథ్ అనే అమెరికా సంస్థ. భారత వైద్య పరిశోధన మండలి సహకరించింది. టీకాలు ఇచ్చినవి తయారీ కంపెనీలు. 2010 ఏప్రిల్‌లో దాన్ని ఆపేశారు. కొందరు బాలికల మరణాలకు టీకా కారణం కాదని విచారణ సంఘం చెప్పింది. ఆ విషయంలోకి నేను వెళ్లను. నన్ను కలచివేసింది సమ్మతి పత్రాల సంగతి. నాటి ఆంధ్రప్రదేశ్‌లో పరిశీలించిన 9,543 పత్రాల్లో 2,763 మీద సంతకాలు హాస్టల్ వార్డెన్లవి. తల్లిదండ్రులు ఎక్కడో ఏజెన్సీ గూడెంలో ఉన్నారు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దీన్ని తీవ్రంగా తప్పుపట్టింది, కంపెనీల వ్యాపార ప్రయోజనాన్నీ వేలెత్తి చూపింది. అది వైద్యం, మనది వాణిజ్యం అని తప్పుకోవద్దు. అధికారం ఉన్నవాడు అధికారం లేనివాడి తరఫున ఒప్పుకోవడం రెండు చోట్లా ఒకటే.

ఇక సూరత్‌లోని లింబాయత్‌కు వద్దాం. సిరిసిల్ల, కరీంనగర్, వరంగల్, నల్లగొండ వైపు నుంచి వచ్చిన పద్మశాలి కుటుంబాలు ఈ నగరంలో మరమగ్గాల మీద బతుకు నిలబెట్టుకున్నాయి. గంజాం నుంచి వచ్చిన ఒడియా కార్మికులూ పెద్ద సంఖ్యలో ఉన్నారు. ఎంబీఏ విద్యార్థి ప్రశ్నావళి పట్టుకుని మొదట మగ్గాల యజమాని సేఠ్ దగ్గరికి వెళతాడు. సేఠ్ సరేనంటే షెడ్డులోకి వెళతాడు. పక్కన సూపర్‌వైజర్ నిలబడి ఉండగా ‘మీకు సంతృప్తిగా ఉందా’ అని అడుగుతాడు. మగ్గాల మోతలో ప్రశ్నే వినబడదు. మీటరు లెక్కన కూలి పుచ్చుకునే మనిషికి మగ్గం ఆగితే రాబడి ఆగుతుంది. ఏదో ఒకటి చెప్పి పంపేస్తాడు. ఆ ‘ఏదో ఒకటి’ పట్టికలో 80 శాతం సంతృప్తిగా అచ్చవుతుంది. సేఠ్ ఇచ్చింది లోపలికి వెళ్లడానికి అనుమతి మాత్రమే. కార్మికుడి సమ్మతి కార్మికుడే ఇవ్వాలి, అదీ కాదనే వీలున్న చోట ఇవ్వాలి. షెడ్డు బయట, షిఫ్టు దిగాక, అతని భాషలో.

నివేదికలో పేరు తీసేస్తే గోప్యత కాపాడినట్టే అనుకునేవాళ్లు చాలామంది. ‘ఉధనాలోని ఒక చిన్న కార్ఖానాలో, ఎడమ చెవి వినబడని, జగిత్యాల నుంచి వచ్చిన యాభై ఏళ్ల మేస్త్రీ’ అని రాస్తే పేరెందుకు? ఆ కార్ఖానాలో ప్రతి ఒక్కరికీ తెలిసిపోతుంది. మరుసటి నెల అతనికి పని ఉంటుందో లేదో పరిశోధకుడు చూడటానికి రాడు. ఊరి పేరో వయసో చెవి సంగతో, అవసరం లేనిది రాయకుండా ఉండటం నేర్చుకోవాలి. యజమానికీ ఇదే మర్యాద చెల్లుతుంది. విద్యార్థినని చెప్పి లోపలికి వెళ్లి, రంగు వేయని గ్రే గుడ్డ ధరలు కనుక్కుని పోటీదారుకు అందించడం దొంగతనం. దాన్ని మార్కెట్ రీసెర్చ్ అనకూడదు.

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, సమ్మతి కోరే నోటీసు ఇంగ్లీషులో గానీ రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలు భాషల్లో ఏదో ఒకదానిలో గానీ చదువుకునే వీలుండాలంటుంది. పరిశోధనకు కొన్ని షరతులతో మినహాయింపూ ఇచ్చింది. ఆ మినహాయింపు చాటున మనం దాక్కోవద్దని నా విన్నపం. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో బడులు నడిపింది. పిల్లలకు తెలుగులో పాఠం చెప్పగలిగిన ఊళ్లో వాళ్ల తండ్రికి ఇంగ్లీషు పత్రం మీద సంతకం పెట్టించడం పరిశోధకుడి బద్ధకమే.

అందుకే రేపటి ముగింపు సమావేశంలో ఒక తీర్మానం పెడుతున్నాను. వచ్చే సదస్సుకు వచ్చే ప్రతి క్షేత్ర పరిశోధన పత్రంతోనూ జవాబిచ్చినవారి భాషలోని సమ్మతి పత్రం జతచేయాలి. మాట్లాడించిన చోటు రాయాలి. ఖర్చు ఎవరు భరించారో రాయాలి. ఫలితాలను రెండు పేజీల్లో జవాబిచ్చినవారి బస్తీలోనే చదివి వినిపించాలి. పోయిన పని గంటలకు కూలి కట్టివ్వాలి. డబ్బిస్తే జవాబు మారుతుందని కొందరు పెద్దలు అభ్యంతరం చెప్పారు. కూలి పోగొట్టుకుంటూ చెప్పే జవాబు మాత్రం మారదా? ఈ ఒక్క అంశం మీద రేపు గట్టిగా వాదించుకుందాం. తీర్మానం ప్రతులు తెలుగు, గుజరాతీ, ఒడియా భాషల్లో ద్వారం దగ్గర బల్ల మీద ఉన్నాయి.