ఎనిమిది కళల అంతరము

పంచాంగము చూచు అలవాటు గలవారికి 'కుజుడు వక్రించినాడు' అను మాట క్రొత్తది కాదు. ఆకాశమున నక్షత్రములన్నియు తమలో తమకు గల ఎడమును మార్చుకొనక, ఒక్క కట్టుగా ఉదయించి, ఒక్క కట్టుగా అస్తమించును. వాని నడుమ అయిదు చుక్కలు మాత్రము దినదినమును చోటు మారుచుండును. బుధుడు, శుక్రుడు, కుజుడు, గురుడు, శని అని మనవారు వానికి పేర్లిడిరి. సామాన్యముగా ఇవి నక్షత్రముల నడుమ పడమటి నుండి తూర్పునకు సాగును. కాని కుజుడు సుమారు రెండు సంవత్సరముల రెండు నెలలకొకమారు నడక తగ్గించి, నిలిచి, రెండు నెలలకు పైగా వెనుకకు నడచి, మరల నిలిచి, ముందునకు సాగును. ఈ వెనుకనడక ఏల? గ్రహములు నిజముగా పోవు త్రోవ ఎట్టిది? ఈ ప్రశ్నలకు సరియైన సమాధానము దొరకుటకు దాదాపు రెండువేల సంవత్సరములు పట్టెను. ఆ సమాధానమునకు ద్వారము తెరచినది మిక్కిలి స్వల్పమైన ఒక లెక్క తేడా. ఆ తేడా కథయే నేటి ప్రసంగ విషయము.

ప్రాచీన గ్రీకులు ఆకాశమును పరిపూర్ణమైనదిగా భావించిరి. ఆకృతులలో పరిపూర్ణమైనది వృత్తము. కనుక ఆకాశములోని ప్రతి గమనమును వృత్తముననే, సమవేగముననే సాగవలెనని నిశ్చయించిరి. భూమి నడుమ కదలక నిలిచియున్నదని వారిలో పెక్కుమంది నమ్మకము. క్రీ.శ. 2వ శతాబ్దమున అలెగ్జాండ్రియా నగరమున నుండిన టాలమీ, పూర్వులు చెప్పిన ఒక యుక్తిని పెంపొందించి గ్రహగణితమును రచించెను. గ్రహము ఒక చిన్న వృత్తముపై తిరుగును. ఆ చిన్న వృత్తపు కేంద్రము ఒక పెద్ద వృత్తముపై తిరుగును. తిరునాళ్ళలో రంగులరాట్నమెక్కిన బాలుడు దారమునకు కట్టిన రాతిని చేత గిరగిర త్రిప్పుచున్నాడనుకొనుడు. దూరము నుండి చూచువారికి ఆ రాయి ఒకప్పుడు ముందునకును, ఒకప్పుడు వెనుకకును పోవుచున్నట్లు కనబడును. మన దేశమున, క్రీ.శ. 499 నాటికి ఇరువది మూడేండ్ల వయస్కుడైన ఆర్యభటుడును మంద, శీఘ్ర వృత్తముల సహాయముననే గ్రహస్థానములను గణించెను. ఈ పద్ధతులను తేలికగా చూడరాదు. శతాబ్దముల తరబడి పంచాంగములు వీని మీదనే నడచినవి.

1543లో పోలెండు దేశీయుడగు కోపర్నికస్ గ్రంథము వెలువడినది. సూర్యుడే నడుమ నున్నాడనియు, భూమియు ఒక గ్రహమై అతని చుట్టును తిరుగుచున్నదనియు ఆయన వాదము. దీనితో వక్రగతి రహస్యము విడిపోయినది. మనమెక్కిన రైలు ప్రక్క పట్టాల మీద మెల్లగా పోవు రైలును దాటునపుడు, ఆ రైలు వెనుకకు పోవుచున్నట్లు తోచును. అట్లే భూమి తనకన్న మెల్లగా నడచు కుజుని దాటి పోవు దినములలో కుజుడు వెనుకకు నడచినట్లు మనకు కనబడును. నిజముగా ఆ గ్రహము ఏనాడును వెనుదిరుగదు. ఇంతవరకు బాగుగనే యున్నది. కాని కోపర్నికస్ కూడ వృత్తమును విడువలేదు. వృత్తమును విడువనందున ఆయనకును చిన్న వృత్తములు తప్పలేదు. లెక్కలలో తప్పులును తప్పలేదు.

ఆ తప్పులను కొలిచి చూపుటకు కొలత తెలిసినవాడు కావలెను. డెన్మార్కు దేశపు ప్రభువంశీయుడగు టైకో బ్రాహి అట్టివాడు. 1563లో, పదియారేండ్ల బాలుడుగా నున్నపుడు, గురుడును శనియు ఆకాశమున ఒకచోట చేరుటను ఆయన గమనించెను. నాడు వాడుకలో నున్న గణితములలో ఒకటి ఆ దినమును చెప్పుటలో సుమారు ఒక నెల తప్పినది; కోపర్నికస్ ననుసరించినది కొన్ని దినములు తప్పినది. నెల తప్పు గణితమును నమ్ముటెట్లు? 1576లో రాజు తనకిచ్చిన హ్వెన్ ద్వీపమున ఆయన గొప్ప వేధశాలను నిర్మించి, సుమారు ఇరువదియేండ్లు రాత్రిరాత్రియు గ్రహస్థానములను కొలిచి వ్రాయించెను. దూరదర్శిని అప్పటికి పుట్టలేదు. పెద్ద పెద్ద కోణమాపకములును, మానవుని కన్నును, ఓర్పును మాత్రమే ఆయన సాధనములు. అయినను ఆ కొలతలలో తప్పు సాధారణముగా ఒకటి రెండు కళలకు మించదు. కళ యనగా ఒక డిగ్రీలో 60వ వంతు. పూర్ణచంద్రబింబపు వెడల్పు సుమారు 30 కళలని గుర్తుంచుకొన్నచో ఆ కొలతల సూక్ష్మత తెలియగలదు.

టైకో 1597లో స్వదేశమును విడిచి, 1599లో ప్రాగ్ నగరమున రుడాల్ఫ్ చక్రవర్తి ఆశ్రయమును పొందెను. మరుసటి యేడు యోహానెస్ కెప్లర్ అను జర్మను యువకుడు ఆయన యొద్దకు సహాయకుడుగా వచ్చెను. కెప్లర్ బీదకుటుంబమున పుట్టినవాడు. బాల్యమున మశూచికము సోకి ఆయన చూపు మందగించినది. ఒకరికి కన్నులున్నవి, మరియొకరికి గణితమున్నది. టైకో ఆయనకు కుజుని గమనమును సాధింపుమని అప్పగించెను. 1601 అక్టోబరులో టైకో మరణింపగా ఆ కొలతల భారమంతయు కెప్లర్ భుజముల పైబడినది.

కెప్లర్ మొదట వృత్తమునే నమ్మి లెక్క మొదలిడెను. లాగరిథములు ఇంకను ప్రకటింపబడని కాలమది. ఒక్క లెక్కను చేతితో సుమారు డెబ్బదిమార్లు చేసి చేసి, తుదకు కుజుని దిక్కును రెండు కళల లోపున చెప్పగల వృత్తసిద్ధాంతమును ఆయన సాధించెను. కాని అదే సిద్ధాంతము సూర్యునికిని కుజునికిని గల దూరమును తప్పుగా చెప్పుచుండెను. దూరము సరిపడునట్లు దిద్దగా దిక్కు తప్పినది. ఎంత తప్పినది? ఎనిమిది కళలు. అనగా చంద్రబింబపు వెడల్పులో నాలుగవ వంతు.

ఇచ్చట ఒక్క క్షణమాగి ఆలోచింపవలెను. టాలమీ కొలతలలోనే పది కళల వరకు తప్పుండెడిది. వాని నాధారము చేసికొన్నవాడు ఎనిమిది కళలను గూర్చి చింతింపనక్కరలేదు. కెప్లర్‌కును అట్టి దారి తెరచియే యున్నది. టైకో నాడేదో పొరబడి యుండునని పలికినచో అడ్డుచెప్పువాడు లేడు, టైకో గతించినాడు. ఏండ్ల శ్రమ దక్కును, వృత్తమును దక్కును. కెప్లర్ ఆ దారిని త్రొక్కలేదు. టైకో వంటివాడు ఎనిమిది కళలు తప్పడని ఆయన దృఢవిశ్వాసము. కనుక తప్పినది తన సిద్ధాంతమే. దానిని త్రోసివేసి మరల మొదటికి వచ్చెను. ఖగోళశాస్త్రమునంతటిని సంస్కరించుటకు ఈ ఎనిమిది కళలే దారి చూపినవని తరువాత ఆయనయే వ్రాసికొనెను.

ఈసారి ఆయన పన్నిన ఉపాయము చక్కనిది. కుజుడు 687 దినములలో సూర్యుని ఒకమారు చుట్టివచ్చును. కనుక ఒకనాడు కుజుడున్న చోటనే, 687 దినముల తరువాత మరల ఉండును. కాని భూమి ఆ లోపల రెండు చుట్లు ముగియక, వేరొక చోట నుండును. పొలము కొలుచువాడు రెండు గట్లపై నుండి ఒకే చెట్టును చూచి దూరమును కట్టినట్లు, కెప్లర్ టైకో పుస్తకములలో 687 దినముల ఎడము గల కొలతలను వెదకి తీసి, ముందు భూమి కక్ష్యను, పిదప కుజుని కక్ష్యను గీయగలిగెను. 1605 నాటికి విషయము తేటపడినది. కుజుని త్రోవ వృత్తము కాదు, దీర్ఘవృత్తము. రెండు మేకులు పాతి, వాని చుట్టు వదులుగా దారపుముడి వేసి, ఆ దారమును బిగియలాగుచు గీచినచో వచ్చునది దీర్ఘవృత్తము. ఆ మేకులలో ఒకదాని చోట సూర్యుడుండును. కుజుని కక్ష్య పొడవును 100 అనుకొన్నచో వెడల్పు 99.5కు పైననే యుండును. వృత్తమునకును దానికిని గల భేదమింత స్వల్పము!

1609లో ప్రకటించిన గ్రంథమున కెప్లర్ దీనితోపాటు రెండవ సూత్రమును చెప్పెను. గ్రహము సూర్యునికి దగ్గరగా నున్నపుడు వేగముగను, దూరమున నున్నపుడు మెల్లగను నడచును. దీని ఫలము మన పంచాంగములోనే కలదు. భూమి జనవరి ఆరంభమున సూర్యునికి దగ్గరగా నుండును. అందుచే ధనుర్మాసము 29 దినములకు కొంచెము పైన ముగియును. భూమి దూరముగా నుండు కాలమున వచ్చు మిథునమాసము 31న్నర దినములకు మించును. మూడవ సూత్రము 1619లో వెలువడినది. ప్రదక్షిణ కాలపు వర్గము సూర్యుని నుండి సగటు దూరపు ఘనమునకు అనుగుణముగా నుండును. గురుడు సుమారు పండ్రెండేండ్లకు రాశిచక్రమును చుట్టివచ్చుటచేతనే మన నదులకు పుష్కరములు వచ్చుచున్నవి. సరిగా చెప్పినచో ఆ కాలము 11.86 సంవత్సరములు. దాని వర్గము సుమారు 140.7, దాని ఘనమూలము 5.2. గురుడు మనకన్న సూర్యునికి 5.2 రెట్లు దూరమున నున్నాడని ఇంట కూర్చుండి తేల్చవచ్చును.

ఇట్టి నియమములేల ఉన్నవో కెప్లర్ చెప్పలేకపోయెను. 1687లో న్యూటను గురుత్వాకర్షణ సిద్ధాంతము ఆ పని చేసినది. అటుపిమ్మటను స్వల్పభేదములే శాస్త్రమును నడిపించినవి. 1781లో కనుగొనబడిన యురేనస్ గ్రహము లెక్క కట్టిన చోట నిలువకుండుటను బట్టి, దానిని లాగుచున్న వేరొక గ్రహముండవలెనని ఫ్రాన్సున లెవెరియే గణించెను. 1846 సెప్టెంబరు 23న బెర్లినులో గాలే ఆకాశమున వెదకగా, చెప్పిన చోటికి ఒక డిగ్రీ లోపున నెప్ట్యూను దొరికినది. బుధుని కక్ష్యలో నూరేండ్లకు 43 వికళల భేదము మాత్రము న్యూటను సూత్రములకు లొంగలేదు. వికళ యనగా కళలో 60వ వంతు. ఆ అణుమాత్రపు భేదమును 1915లో ఐన్‌స్టీన్ సాపేక్ష సిద్ధాంతము సరిగా వివరించినది.

2013 నవంబరు 5న మన శ్రీహరికోట నుండి బయలుదేరిన మంగళయానము 2014 సెప్టెంబరు 24న కుజుని చుట్టు కక్ష్యలో ప్రవేశించెను. భూమిని విడిచిన పిదప అది సూర్యుని చుట్టు నడచిన త్రోవయు దీర్ఘవృత్తపు భాగమే. నాలుగు శతాబ్దముల క్రిందట ఎనిమిది కళలను క్షమించి ఊరకున్నచో ఆ త్రోవ మనకు తెలిసియుండెడిది కాదు.

ఈసారి పంచాంగమున కుజుడు వక్రించినాడని చదివినపుడు, వారమునకొకమారు రాత్రివేళ వాకిట నిలిచి, దగ్గరి రెండు మూడు నక్షత్రములతో పోల్చి ఆ ఎఱ్ఱని చుక్క స్థానమును కాగితముపై గుర్తు పెట్టుడు. పిల్లలను గూడ ప్రక్కన నిలుపుకొనుడు. రెండు నెలలలో ఆ వెనుకనడక కాగితముపై మీకే కనబడును. దానికి దూరదర్శిని అక్కరలేదు, టైకోకును లేదు.