పని ఆగని వ్యసనం



మత్తుమందుకు బానిస అనగానే, చిరిగిన బట్టలతో వీధి మూల పడి ఉన్న మనిషి రూపం చాలామంది మనసులో మెదులుతుంది. అయితే వేళకు పనిలో చేరి, సంపాదన ఇంటికి తెచ్చే వ్యసనపరులు కూడా ఉన్నారు. వారిని ఇతరులు గుర్తించడం కష్టం. తమ స్థితిని వారే గ్రహించడం మరింత కష్టం.

పశ్చిమ రాజస్థాన్‌లో నల్లమందుకు సాంఘిక మర్యాద ఉంది. పెళ్లిళ్లలోను, పరామర్శలలోను నల్లమందు కలిపిన నీటిని అరచేతిలో పోసి అతిథికి అందించే ఆచారం తరతరాలుగా వస్తున్నది. పేదవారికి అందుబాటులో ఉండేది 'డోడా'. గసగసాల కాయకు గాట్లు పెట్టి పాలు తీసిన తరువాత మిగిలే ఎండు కాయల పొడి అది. పంజాబులో దీనినే 'భుక్కీ' అంటారు. అందులో మిగిలి ఉండే మార్ఫిన్ కొద్దిపాటిదే. అయినా కోతల కాలంలో కూలీకి, రాత్రంతా లారీ నడిపే డ్రైవరుకు అది అలసటను మరిపిస్తుంది. నీళ్లతోనో టీతోనో పుచ్చుకుని పనికి పోతారు. కొంతకాలానికి శరీరం ఆ మోతాదుకు అలవాటుపడుతుంది. అటుపైన ఆ పొడి ఉత్సాహమివ్వదు సరికదా, అది లేనిదే మనిషి మంచం దిగలేడు. చూసేవారికి మాత్రం అతడు కష్టజీవిగానే కనిపిస్తాడు.

రాజస్థాన్‌లో నమోదైన వ్యసనపరులకు పర్మిట్లపై లైసెన్సు దుకాణాలలో డోడా దొరికేది. 2016 ఏప్రిల్ 1 నుంచి ఆ దుకాణాలు మూతపడ్డాయి. ఒళ్లు నొప్పులు, విరేచనాలు, నిద్రలేమి అప్పుడు బయటపడే లక్షణాలు. ప్రభుత్వం విముక్తి శిబిరాలు నిర్వహించవలసి వచ్చింది. తెలంగాణలోనూ ఇటువంటిదే జరిగింది. 2015 సెప్టెంబరులో కల్తీ కల్లుపై దాడులు జరిగి సరఫరా ఆగగానే, అందులో కలిపే ఆల్‌ప్రజోలం వంటి మందులకు అలవాటుపడినవారు మూర్ఛలతో, మతి తప్పిన మాటలతో ఆసుపత్రులకు చేరారు. అంతకు ముందు రోజు వరకు వారిలో చాలామంది కూలి పనులకు పోయినవారే.

ఇది శ్రామికులకే పరిమితమనుకోవడం పొరపాటు. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో ఆధునిక శస్త్రచికిత్సకు పునాదులు వేసిన విలియం హాల్‌స్టెడ్, కొకెయిన్‌ను తనపైనే పరీక్షించుకుని దానికి లోబడ్డారు. తరువాత మార్ఫిన్‌కు అలవాటుపడ్డారు. ఆయన 1922లో మరణించారు. సహచరుడు విలియం ఆస్లర్ రహస్యంగా రాసి ఉంచిన వృత్తాంతం 1969లో బయటికి వచ్చేదాకా, ఆయన మార్ఫిన్ వాడకం లోకానికి తెలియలేదు. చేతి నైపుణ్యం ఆరోగ్యానికి రుజువు కాదన్నమాట.

మన దేశంలో 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలోని 64ఏ సెక్షన్, స్వల్ప పరిమాణానికో వాడకానికో పట్టుబడిన వ్యసనపరుడు స్వచ్ఛందంగా గుర్తింపు పొందిన సంస్థలో చికిత్సకు సిద్ధపడితే అతనికి ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ కల్పిస్తుంది. ఉద్యోగ రక్షణను గురించి అందులో ప్రస్తావన లేదు. యజమానికి తెలిస్తే పని పోతుందన్న భయమే కార్మికుణ్ణి ఆసుపత్రి గుమ్మం ఎక్కనివ్వదు. ఆ భయాన్ని పిరికితనమనలేము.

చికిత్స లేకపోలేదు. బుప్రెనార్ఫిన్ మాత్రలు నల్లమందు జాతి మందుల కోరికను అదుపులో ఉంచి, మనిషిని పనిలో నిలుపుతాయి. 2017లో పంజాబు ప్రభుత్వం ఈ మాత్రలకై ప్రత్యేక క్లినిక్‌లు ప్రారంభించింది. వైద్యుల ఎదుటనే మాత్ర వేసుకోవడానికి రోజూ రావలసిన నియమం అప్పట్లో దినకూలీకి పెద్ద చిక్కుగా ఉండేది. ఆ వరుసలో నిలబడితే ఆనాటి కూలి పోయేది. 2020లో లాక్‌డౌన్ వచ్చినప్పుడు కొన్ని రోజులకు సరిపడే మాత్రలను ఇంటికే ఇవ్వసాగారు.