సుగ్గికి పోయేవాళ్ల లెక్క ఏ కాగితంలో ఉంది?

(కల్లూరులో జరిగిన కూలీల సభలో చేసిన ప్రసంగ పాఠం)



సుగ్గి అంటే కోతల కాలం. పంట ఇంటికొచ్చే కాలం. మన పడమటి పల్లెల్లో మాత్రం ఆ మాటకు ఊరిడిసి పోవడమనే అర్థం వచ్చింది. కోసిగి, మంత్రాలయం, ఆదోని, పత్తికొండ దిక్కు మాలగేరి, మాదిగగేరి పోయి చూడండి. సుగ్గి మొదలైతే ఇండ్లకు తాళాలు, అరుగుల మీద ముసలోళ్లు. కొందరు గుంటూరుకు మిరపకాయలు తెంపను పోతారు, కొందరు బెంగుళూరుకు మట్టి మోయను పోతారు.

వానల్లేక పోతున్నారని ఆఫీసర్లు అంటారు. వాన మన చేనికీ ఎగ్గొడుతుంది, పెద్దరెడ్డి చేనికీ ఎగ్గొడుతుంది. మరి పెద్దరెడ్డి ఎందుకు మిరపకాయలు తెంపను పోడు? 1973లో భూపరిమితి చట్టం వచ్చింది. మనలో ఎంతమంది చేతికి నీళ్లెక్కే మడి వచ్చింది? మనల్ని లారీ ఎక్కించేది మబ్బు ఒకటే కాదు, సర్కారు లెక్కలు కూడా.

ముందు బియ్యం సంగతి. 1983లో రామారావు సర్కారు కిలో రెండు రూపాయల బియ్యం పెట్టింది. మన పొయ్యి వెలిగింది, కాదనం. అయితే కార్డు ఊర్లోని స్టోరుకు కట్టేశారు. బియ్యం ఊర్లో, నోరు గుంటూరులో! ఎక్కడైనా బియ్యం తీసుకోవచ్చనే పద్ధతి ఆంధ్ర, తెలంగాణల మధ్య మొదలైంది 2019 ఆగస్టులో. ముప్పై ఆరేండ్లు పట్టింది. ఇప్పుడు ఆ హక్కు ఉంది. డీలరు 'మీ ఊర్లో తీసుకోపో' అంటే ఊరికే తిరిగి రావద్దు.

ఇంక పని సంగతి. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మన పక్క అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే మొదలైంది. ఏడాదికి నూరు రోజుల పని, పదిహేను రోజుల్లో కూలి అని చట్టంలో రాశారు. కానీ కూలి దుడ్లు నెలలు దాటి వచ్చిన సందర్భాలు మీకు చెప్పక్కర్లేదు. మేస్త్రి దుడ్లు పనికి ముందే ఇస్తాడు. సర్కారు పనయినాంక, అది కూడా ఎప్పుడో ఇస్తుంది. అప్పులోడు వాకిట్లో కూచుంటే మనం ఎవరి వెంట పోతాం? మేస్త్రిని బలవంతుణ్ణి చేసింది ఈ ఆలస్యమే.

2025 డిసెంబరులో ఆ చట్టం స్థానంలో పార్లమెంటు ఇంకో చట్టం చేసింది. 125 రోజులు అని రాసింది. అందులోనే విత్తే కాలంలో, కోసే కాలంలో కలిపి 60 రోజులు పని ఆపాలని కూడా రాసింది. ఈ మెలిక అర్థం చేసుకోండి. రైతుకు కూలీ అవసరం పడే రోజుల్లోనే మనం కూలి రేటు అడగగలం. ఆ రోజుల్లోనే సర్కారు పని మూస్తే, ఇచ్చిందే పుచ్చుకోవాలి.

ఇంకో సంగతి. ఇది పల్లెలకే పెట్టిన పథకం. పడమటి నుంచి వచ్చి ఈ కల్లూరులో గుడిసె వేసుకున్నోళ్లు కర్నూలు కార్పొరేషన్ లోకి వచ్చినట్టు. ఊర్లో ఉన్న పని హక్కు ఇక్కడ లేదు.

చట్టం సంగతీ అంతే. 1979లో అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం చేశారు. తర్వాత దాన్ని 2020 నాటి కార్మిక కోడ్ లో కలిపేశారు. రెండూ రాష్ట్రం దాటినోళ్లకే. ఆదోని నుంచి బళ్లారికి పోతే వలస కార్మికుడంట. అంతకన్నా ఎన్నో రెట్లు దూరం గుంటూరుకు పోతే ఎవరూ కాదంట! ఆ కాగితంలో మన పేరే లేదు.

లెక్కలో లేకపోతే ఏమవుతుందో 2020 మార్చిలో చూశాం. నాలుగు గంటల వ్యవధి ఇచ్చి దేశానికి తాళం వేశారు. ఆ ఏప్రిల్లో తెలంగాణ మిరప తోటల నుంచి ఛత్తీస్‌గఢ్ లోని ఇంటికి నడిచిపోతూ పన్నెండేండ్ల ఆదివాసీ కూలిపిల్ల దారిలోనే ప్రాణం విడిచింది. బడికి పోవాల్సిన పిల్ల తోటలో ఎందుకుంది? ఆరు నుంచి పద్నాలుగేండ్ల పిల్లలకు చదువు హక్కని 2010 ఏప్రిల్ నుంచి చట్టం అమల్లో ఉంది. వలసపోయేవాళ్ల పిల్లలకు సీజనల్ హాస్టళ్లు పెట్టే పద్ధతీ ఉంది. లారీ ఎక్కినాంక హాస్టల్ తెరిస్తే ఎవరికి లాభం?

కాబట్టి మనం చేయాల్సింది చెప్తాం. లారీ ఎక్కకముందే గేరి గేరికీ పోయేవాళ్ల పట్టీ రాయాలి: పేరు, పోయే ఊరు, మేస్త్రి పేరు, ఇచ్చిన అడ్వాన్సు, వెంట పోయే పిల్లలు. ఒక ప్రతి సంఘంలో పెట్టాలి, ఒకటి ఎమ్మార్వో ఆఫీసులో ఇచ్చి ముద్ర వేయించుకోవాలి. పని కావాలని కాగితం రాసిచ్చి రసీదు తీసుకోవాలి. రసీదు ఉంటేనే పదిహేను రోజుల్లో పని ఇవ్వనందుకు భృతి అడగగలం. పంటలు ఇంటికి రాకముందే హాస్టల్ తెరవాలని పిల్లల పట్టీ పట్టుకుని బడి ముందర కూచోవాలి.

అంబేద్కర్ మనకు ఓటు ఇచ్చిపోయినాడు. ఆ ఓటు కోసం ఎన్నికలప్పుడు బస్సులు పెట్టి మనల్ని గుంటూరు నుంచి వెతికి తెచ్చేవాళ్లకు మన అడ్రసు తెలుసు. బియ్యానికీ, పనికీ, బడికీ మాత్రం ఎందుకు తెలియదు? ఈ మాట ప్రతి గేరిలో అడుగుదాం.

జై భీమ్!